కూల్చి చూస్తారు!

ఇల్లు పదికాలాలపాటు నిలవాలనే ఎవరైనా కడతారు. జపాన్‌లోని మికి పట్టణంలో మాత్రం కూలుతుందో నిలుస్తుందో తేల్చుకోవడానికే కడతారు! కోబె నగరానికి దగ్గర్లోని ఆ ఊళ్లో ఉంది ‘ఇ-డిఫెన్స్‌’ పరిశోధన కేంద్రం. పెద్ద షెడ్డు మధ్యలో 20 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పున్న బల్ల. 1200 టన్నుల బరువునైనా మోస్తూ అచ్చం భూకంపంలానే ముందుకీ వెనక్కీ, పక్కలకీ, పైకీ కిందకీ ఊగుతుందది.

దాని వెనక ఓ విషాదం ఉంది. 1995 జనవరి 17, తెల్లవారుజామున 5.46 గంటలు. భూకంపం కోబెను కుదిపేసింది. 6,400 మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది తమ ఇళ్ల కిందే నలిగిపోయారు. పదేళ్లకు, 2005లో ఈ కేంద్రం మొదలైంది.

ఆ నవంబరులోనే 30 ఏళ్లనాటి రెండు చెక్క ఇళ్లను తెచ్చి బల్లమీద పక్కపక్కనే నిలబెట్టారు. ఒకటి ఉన్నదున్నట్టు. రెండోదానికి మాత్రం గోడలు గట్టిపరిచారు. కోబెలో నమోదైన ప్రకంపనలతోనే బల్లను ఊపారు. మొదటి ఇల్లు కొన్ని క్షణాల్లోనే కుప్పకూలింది. రెండోది నిలబడింది!

2009లో ఏడంతస్తుల చెక్క భవనాన్నీ ఇక్కడ ఊపి చూశారు. అదీ తట్టుకుంది.

పాత ఇంటిని పడగొట్టి కొత్తది కట్టుకునే స్తోమత అందరికీ ఉండదు. ఉన్నదాన్నే బలపరచుకుంటే ప్రాణాలు దక్కుతాయని ఆ రెండు ఇళ్లూ కళ్లకు కట్టాయి. బల్లమీద కూలిన ఇంట్లో ఎవరూ లేరు. ఊళ్లోని ఇళ్లలో ఉంటారు కదా!