ఏటికి ఆ పక్క పనిచేయని కార్డు

2023 ఎండాకాలంలో ఒకరోజు తెల్లవారుజామున మంత్రాలయం నుంచి ఫోను. మా చిన్నాయనకు గుండెల్లో నొప్పి. మా తమ్ముడు అడిగిన ప్రశ్న ఒకటే: "అన్నా, కర్నూలు పోదామా, రాయచూరు పోదామా?"

కర్నూలు దాదాపు వంద కిలోమీటర్లు. తుంగభద్ర దాటి పోతే రాయచూరు అందులో సగం దూరమే. ఇంకేం ఆలోచించకుండా రాయచూరే అన్నాను. అక్కడ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో వెంటనే చేర్చుకున్నారు, ఈసీజీ తీశారు, ఇంజక్షన్ ఇచ్చారు. అంతవరకూ బాగానే ఉంది. స్టెంటు వెయ్యాలి అన్నాక కౌంటర్లో మా తమ్ముడు ఆంధ్రా ఆరోగ్యశ్రీ కార్డు చూపించాడు. "ఇది మా దగ్గర నడవదు" అన్నారు. నేను హైదరాబాదులో మంచం మీద కూర్చునే ఫోన్లోంచి డబ్బు పంపించాను. చిన్నాయన బతికాడు. కానీ ఆ వార్డులోనే మా పక్క ఊరాయన ఒకరున్నారట. ఆయనకు ఫోన్ చేసి డబ్బు పంపే అన్న కొడుకు లేడు. ఆయన్ని కర్నూలుకు తీసుకుపోయారని తర్వాత తెలిసింది.

నాకు మొదట ఆ ఆసుపత్రి మీదే కోపం వచ్చింది. తర్వాత, ఇదే జిల్లాలో ముప్పై పడకల నర్సింగ్ హోమ్ నడిపే నా స్కూలు స్నేహితుడితో ఈ సంగతి అంటే నవ్వాడు. "నువ్వు కార్డు చూస్తాండావ్. మేము అగ్రిమెంటు చూస్తామప్పా."

అసలు విషయం అదే. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. 2018 సెప్టెంబరులో కేంద్రం కుటుంబానికి ఏడాదికి 5 లక్షల ఆయుష్మాన్ భారత్ తెచ్చింది. మనకు ఇవన్నీ రోగికి ఇచ్చిన హక్కుల్లా కనిపిస్తాయి. ఆసుపత్రి వైపు నుంచి చూస్తే అదొక కాంట్రాక్టు. సంతకం పెట్టిన ఆసుపత్రిలోనే ఆ హక్కు బతికుంటుంది. సంతకం లేని చోట కార్డు ఉత్త ప్లాస్టిక్కు ముక్క.

సరే, సంతకం పెడితే ఏమవుతుంది? మావాడు వరసగా చెప్పుకొచ్చాడు. ముందు 2002 నాటి రాష్ట్ర చట్టం కింద రిజిస్ట్రేషన్, 2016 బయోమెడికల్ వ్యర్థాల నియమాల కింద అనుమతి, ఫైర్ వాళ్ళ కాగితం ఉండాలి. ఆ తర్వాత పథకం పనికే ఒక మెడ్కో, అంటే వైద్యం తెలిసి కంప్యూటర్ ముందు కూర్చునే డాక్టరు. ఆపరేషన్‌కి ముందు ప్రీ ఆథరైజేషన్, తర్వాత రోగి ఫోటో, డిశ్చార్జి కాగితం, క్లెయిము, దానిమీద ప్రశ్నలు, వాటికి జవాబులు. రేటేమో ముందే కట్టేసిన ప్యాకేజీ. ముప్పై పడకలకు ఇదంతా పెట్టాలంటే డాక్టర్లకన్నా గుమస్తాలు ఎక్కువవుతారు.

చట్టం సంగతి ఇంకా ఆసక్తికరం. "రోగి పైసా కట్టలేదు కదా, నీమీద కేసేముంటుంది?" అని అమాయకంగా అడిగాను. 1995లో వి.పి.శాంత కేసులో సుప్రీంకోర్టు ఏమందంటే, ఫీజు బీమా కంపెనీ కట్టినా సరే, చికిత్స పొందినవాడు వినియోగదారుడే. అంటే డబ్బిచ్చేది వేరొకరైనా తప్పు జరిగితే జవాబు చెప్పాల్సింది ఆసుపత్రే. 2008లో సమీరా కోహ్లీ కేసులో, ఒక ఆపరేషన్‌కి ఇచ్చిన సమ్మతి ఇంకోదానికి చెల్లదన్నారు, ప్రాణం మీదికొస్తే తప్ప. కాబట్టి పొట్ట కోశాక ఇంకో జబ్బు కనిపిస్తే మావాడికి రెండు అనుమతులు కావాలి: రోగిది ఒకటి, డబ్బు కట్టేవాళ్ళది ఒకటి. ఎమర్జెన్సీలో మాత్రం కాదనే వీలే లేదు. 1989లో పరమానంద్ కటారా కేసు ఆ సంగతి తేల్చేసింది.

ఇక్కడ మన వృత్తి కూడా తగులుతుంది. వాళ్ళ నర్సు రోగి ఫోటోను, రిపోర్టులను సొంత ఫోన్లో తీసి వాట్సాపులో మెడ్కోకి పంపుతుంది. 2023 డేటా రక్షణ చట్టం కింద డేటా భద్రతలో లోపముంటే జరిమానా 250 కోట్ల దాకా వెళ్ళొచ్చు. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలు అమలు కావడానికి పద్దెనిమిది నెలల గడువిచ్చారు. మావాడికి ఆ చట్టం పేరు మొదట చెప్పింది నేనే. ఆసుపత్రికి సాఫ్ట్‌వేరు అమ్మినవాళ్ళెవరూ చెప్పలేదట!

అన్నిటికన్నా నన్ను ఆలోచనలో పడేసింది డబ్బు సంగతి. ఆయుష్మాన్ మార్గదర్శకాల్లో క్లెయిము 15 రోజుల్లో తేల్చాలని ఉంది, వేరే రాష్ట్రం రోగి అయితే 30 రోజులు. మా ఊరి ముడి అక్కడే ఉంది. ఏటికి ఆ పక్కనుంచి వచ్చిన రోగి అంటే రాతలోనే రెండింతల ఆలస్యం! ఇక రాసిందీ జరిగేదీ ఒకటేనా అంటే, 2025 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు బకాయిల కోసం పథకం సేవలే ఆపేశాయి. దానికి ఒక నెల ముందే రాష్ట్ర మంత్రివర్గం, 2.5 లక్షల దాకా బీమా కంపెనీ, ఆపైన 25 లక్షల దాకా ట్రస్టు భరించే పద్ధతికి సరేనంది. బాగుంది. కానీ ఆ పద్ధతిలో ఒకే రోగికి ఇద్దరు చెల్లింపుదారులు.

మనం రాసే కాంట్రాక్టుల్లో ఎస్సెల్ఏ రెండు వైపులా ఉంటుంది. సర్వరు పడిపోతే మనకి కోత, బిల్లు ఆలస్యమైతే క్లయింటుకి వడ్డీ. ఇక్కడ ఆసుపత్రి తప్పుకి కోర్టుంది, జరిమానా ఉంది, పథకంలోంచి తీసేయడం ఉంది. ఆలస్యానికి మాత్రం అంత గట్టి పళ్ళు లేవు. ప్రైవేటు ఆసుపత్రులన్నీ పత్తిత్తులని నేననను. అక్కర్లేని గర్భసంచి ఆపరేషన్ల గొడవ మనమంతా చూసిందే. తనిఖీ ఉండాల్సిందే. అయితే నిఘా ఎంత గట్టిగా ఉందో చెల్లింపు కూడా అంత గట్టిగా ఉండకపోతే, ముందు తప్పుకునేది దొంగ కాదు, ముప్పై పడకలవాడు. పెద్ద కార్పొరేటు ఆర్నెల్లు ఆగగలదు. వీడు మూడో నెల జీతాలివ్వలేడు. వీడు తప్పుకుంటే మనవాళ్ళకి దగ్గర్లో ఉన్న ఒక్క సంతకమూ పోతుంది.

మావాడు ఈసారికి కాంట్రాక్టు పొడిగించుకున్నాడు. "ఇంకొక్క ఏడాది చూస్తా" అన్నాడు. పోయినసారీ అదే మాట అన్నాడు.

మొన్న ఊరికి వెళ్తే చిన్నాయన పాత కార్డు, కొత్త కార్డు, స్టెంటు కాగితాలు అన్నీ ఒకే ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని చూపించాడు. "ఏమి నాయనా, ఈ కొత్తదైనా ఏటికి ఆ పక్క పనిచేస్తాదా?" అని అడిగాడు.

"ముందు ఏ ఆసుపత్రి సంతకం పెట్టిందో కనుక్కుని చెప్తా చిన్నాయనా" అన్నాను. ఆ జాబితా తయారుచేసి, ఫోను నంబర్లతో సహా ప్రింటు తీసి ఆ కవర్లోనే పెట్టొచ్చాను. మీ ఇంట్లో పెద్దవాళ్ళకి కూడా ఈ ఒక్క పని చేసిపెట్టండి. నొప్పి వచ్చిన రాత్రి వెతికితే దొరకదు.