వడోద్ దారిలో పని పాఠాలు

సూరత్ నగరానికి దక్షిణాన, పాండేసర పారిశ్రామికవాడకు చేరువలో వడోద్ ఉన్నది. దానిని ఊరు అనడం అలవాటు కొద్దీ మాత్రమే. నగరం పెరిగి పెరిగి దానిని తనలో కలుపుకున్నది. మరమగ్గాల చప్పుడు, అద్దకపు మిల్లుల ఆవిరి ఈ ప్రాంతానికి నిత్య సహచరులు. యాత్రికులు వెదుక్కుంటూ వచ్చే చోటు కాదిది. పని కావలసినవారు వస్తారు. పని నేర్చుకోగోరేవారూ వస్తారు.

పరాయిగడ్డపై పని నేర్చుకోవడం సూరత్‌కు కొత్త కాదు. 1613లో మొగలు చక్రవర్తి జహంగీరు అనుమతితో ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీ ఇక్కడ వర్తక కోఠీ నెలకొల్పింది. ఆ శతాబ్దపు ఉత్తరార్ధం నాటికి కోఠీ ఉద్యోగులకు ఒక సోపానక్రమం ఏర్పడింది: మొదట అప్రెంటిసు, తరువాత రైటరు, ఆపైన ఫ్యాక్టరు, చివరకు మర్చంటు. సముద్రాలు దాటి వచ్చిన కుర్రవాడు ఏళ్ల తరబడి శ్రమించి గాని పై మెట్టు ఎక్కేవాడు కాడు.

అటువంటి శిక్షణే మరో రూపంలో తెలుగువారితో ఈ నగరానికి వచ్చింది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల పద్మశాలి కుటుంబాలు బతుకుతెరువు కోసం సూరత్‌కు వలస వచ్చాయి. లింబాయత్, ఉధ్నా పేటల్లో తెలుగు మాట వినిపించడం వింత కాదు. ఇక్కడ కుర్రవానికి గురువు మేనమామో, బావో. మొదట తెగిన పోగు ముడివేయడం, నాడెలో కండె మార్చడం. చేయి తిరిగాక రెండు మగ్గాలు, ఆపైన మరికొన్ని. పన్నెండు గంటల షిఫ్టు, నేసిన మీటర్ల లెక్కన కూలి. మగ్గం ఆగితే నష్టం తనదే కనుక పాఠం త్వరగా వంటబడుతుంది. కాని పదేళ్లు నేసినా ఆ విద్యకు యోగ్యతాపత్రం ఉండదు.

రెండవ తరహా అభ్యాసి పత్రం చేతబట్టుకునే వస్తాడు. 1961లో వెలసిన సూరత్ ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల 2002లో జాతీయ సాంకేతిక సంస్థ అయింది. అందులో దాదాపు సగం సీట్లు ఇతర రాష్ట్రాల విద్యార్థులవి. సెలవుల్లో పారిశ్రామిక శిక్షణ సంపాదించడం వారికి పరీక్షకన్న కఠినం. చూపు మొదట హజీరాలోని భారీ కర్మాగారాలపై పడుతుంది. అక్కడ స్థానాలు కొద్ది, కోరేవారు ఎక్కువ. ఇక మిగిలినవి మిల్లులు. గుజరాతీ రాని, బంధువులు లేని కుర్రవానికి మిల్లు గుమ్మం దాటడమే గగనం. కళాశాల ఇచ్చిన పరిచయలేఖ కాపలాదారు వద్దనే ఆగిపోవచ్చు. యజమాని ఎదుటికి చేరినా ఆయన అడిగేది ఒకటే: ఈ రెండు నెలల్లో నీవల్ల మాకేమి ప్రయోజనం? ఆవిరి ఎక్కడ వృథా అవుతున్నదో లెక్కగట్టి ఇస్తానని చెప్పగలిగినవానికి తలుపు తెరుచుకునే అవకాశం ఎక్కువ.

లోపల దొరికే చదువు చిన్నది కాదు. పాలియెస్టర్ బట్టకు రంగు పట్టించాలంటే నీటిని పీడనంలో ఉంచి సుమారు 130 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేయాలి. తొందరపడి వేడి పెంచితే రంగు సమంగా అంటదు. పుస్తకంలో ఒక్క వాక్యంగా ఉన్న సంగతి మిల్లులో పాడైన బట్టల గుట్టగా కనబడుతుంది.

కళాశాల వెలసిన 1961లోనే అప్రెంటిసుల చట్టమూ వచ్చింది. 1973 సవరణతో పట్టభద్ర ఇంజనీర్లు దాని పరిధిలో చేరి భృతికి అర్హులయ్యారు. విద్యార్థుల సెలవుల శిక్షణ మాత్రం సాధారణంగా ఆ చట్టం కిందికి రాదు. భత్యం యజమాని దయ; గది అద్దె, భోజనం విద్యార్థి భారం. ఇంటినుండి డబ్బు రాని విద్యార్థికి అవకాశం దొరికినా అందనట్లే. ఈ ఇబ్బంది మహామహులకూ తప్పలేదు. 1920లలో హార్వర్డులో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్ ఆసుపత్రిలో రాత్రివేళ కూలిపని చేసి పొట్టపోసుకున్నారు.

షిఫ్టు మారేవేళ వడోద్ దారిలో ఈ ఇద్దరు అభ్యాసులూ ఎదురుపడవచ్చు. ఒకరికి విద్య ఉంది, పత్రం లేదు. మరొకరికి పత్రం ఉంది, విద్య ఇంకా చేతికి రావాలి. మగ్గం చప్పుడు మారగానే లోపం పసిగట్టే నేతగానిని ‘అన్నా’ అని పలకరించిన తెలుగు విద్యార్థికి ఏ లేఖా ఇప్పించలేని గురువు దొరుకుతాడు. అనుభవంతో అబ్బిన నైపుణ్యాన్ని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటు 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఉన్నది. ఆ సంగతి అన్నకు విప్పి చెబితే శిష్యుని గురుదక్షిణ చెల్లినట్లే.