పది రూపాయల డోడో

ప్రూఫ్ నాణేన్ని అంచులు పట్టుకునే చూడాలి. మెరుగుపెట్టిన అచ్చుల మధ్య, మెరుగుపెట్టిన బిళ్ళను ఒకటికి రెండుసార్లు అదిమి తీస్తారు. అందుకే నాణెం నేలంతా అద్దంలా నిగనిగలాడుతుంది, దాని మీద బొమ్మ మాత్రం తెల్లగా, నునుపు మెరుపు లేకుండా లేస్తుంది. వేలిముద్ర పడితే ఆ మరక ఓ పట్టాన వదలదు.

నా దగ్గరున్న ప్రూఫ్ 1971 నాటి మారిషస్ పది రూపాయల వెండి నాణెం. ఒకవైపు ఎలిజబెత్ రాణి, రెండోవైపు డోడో. 1968 మార్చి 12న స్వతంత్రం పొందిన దేశం, ఆ సంబరానికి వేసిన నాణెం మీద ఎప్పుడో 17వ శతాబ్దంలోనే అంతరించిపోయిన తన పక్షిని నిలుపుకుంది. పోయినవాళ్ళను తలచుకోకుండా శుభకార్యం మొదలుపెట్టని ఇల్లు గుర్తొస్తుంది నాకు.

కోరంగి రేవులో ఓడలెక్కి ఆ దీవి చెరకు తోటలకు కూలికి వెళ్ళిన తెలుగువాళ్ళూ గుర్తొస్తారు. అక్కడ ఉగాది ఇప్పటికీ సెలవు రోజే. వాళ్ళ చేతుల్లో తిరిగిన నాణేలకు ఈ మెరుపెక్కడిది?

అందుకే ప్రూఫ్ పక్కన, వాడుకలో అరిగిన మారిషస్ రూపాయి ఒకటి పెట్టుకున్నాను. దేశం తనను తాను ఎలా చూసుకోవాలనుకుందో ఒకటి చెబుతుంది. జనం ఎలా బతికారో రెండోది చెబుతుంది. నాకు రెండూ కావాలి.