తమను తామే చూసి నవ్వుకున్నవారు

నవ్వు నాలుగు విధాల చేటు అన్నారు మన పెద్దలు. ఆ నాలుగు విధాలు ఏవో మాకు ఎవరూ విడమరచి చెప్పలేదు గానీ, ఒక నవ్వు మాత్రం మాకు ఒకసారి చేటు చేసినట్టే కనిపించి, చివరకు మేలు చేసి పోయింది. ఆ సంగతి చెప్పడానికే ఈ వ్యాసం. ఆ నవ్వుకు కారణం కొన్ని బ్రిటిష్ టెలివిజన్ హాస్య ధారావాహికలు గనుక, ముందుగా వాటి ముచ్చట చెప్పుకోవాలి.

అది 1992వ సంవత్సరం. మా టౌన్‌షిప్ రిక్రియేషన్ క్లబ్బులో అప్పటికి ఒక రంగుల టీవీ, ఒక వీసీఆర్ ఉండేవి. శనివారం సాయంత్రం తెలుగు సినిమా కేసెట్టు వేయడం ఆనవాయితీ. ఒక శనివారం కేసెట్లు అద్దెకిచ్చే దుకాణం మూసి ఉండడంతో, ప్లాంటులో పనిచేసే ఇంజనీరుగారొకరు లండనులో ఉన్న తమ బావగారు పంపిన కేసెట్లు తెచ్చి వేశారు. తెర మీద పాటలు లేవు, పోరాటాలు లేవు. ఒక చిన్న హోటలు, నలుగురు మనుషులు, ఎడతెగని మాటలు. ఆ ఇంగ్లీషు యాస మాలో సగం మందికి సగమే అర్థమయింది. అయినా పది నిమిషాల్లో ఖాళీ అవుతుందనుకున్న హాలు చివరిదాకా నిండుగానే ఉంది.

అది 'ఫాల్టీ టవర్స్'. మా తల్లిగారికి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. హోటలు యజమాని బేసిల్ ఫాల్టీ, దారిలో మొరాయించిన కారును ముందు బెదిరించి, తరువాత మూడు లెక్కపెట్టి, అప్పటికీ అది కదలకపోయేసరికి ఎక్కడినుంచో ఒక చెట్టుకొమ్మ పట్టుకొచ్చి దానిని చితకబాదే ఘట్టం వచ్చింది. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ, "అచ్చం మీ నాన్నగారేరా! ఆ స్కూటరును కాలితో తన్నేవారు, జ్ఞాపకముందా?" అన్నారు. సముద్రాల కావలి హాస్యానికి ఇంతకంటె మంచి అనువాదం మేము ఇంతవరకు వినలేదు.

ఈ ధారావాహికను రాసినవారు జాన్ క్లీజ్, కోనీ బూత్. మొదలుపెట్టిన నాటికి వారు భార్యాభర్తలు. 1970లో క్లీజ్ తన 'మాంటీ పైథాన్' బృందంతో టోర్కీ అనే సముద్రతీర పట్టణంలో ఒక హోటల్లో దిగినప్పుడు, అతిథుల పట్ల దాని యజమాని కనబరచిన చిరాకే బేసిల్ పాత్రకు బీజమైంది. 1975లో ఆరు భాగాలు, 1979లో మరో ఆరు భాగాలు, మొత్తం 12 వచ్చాయి. జనం ఆదరిస్తున్నారు గదా అని వారు కథను సాగదీయలేదు. 2000వ సంవత్సరంలో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వారు ప్రకటించిన నూరు ఉత్తమ బ్రిటిష్ టెలివిజన్ కార్యక్రమాల జాబితాలో ఈ 12 భాగాల ధారావాహికకే ప్రథమస్థానం దక్కింది.

మన వంటి సంస్థల్లో పనిచేసేవారు తప్పక చూడవలసిన భాగం ఒకటి అందులో ఉంది. హోటళ్ళను తనిఖీ చేసే అధికారులు మారువేషంలో తిరుగుతున్నారని బేసిల్‌కు తెలుస్తుంది. అంతవరకు ఈసడించుకున్న ఒక అతిథే ఆ అధికారి అని భ్రమపడి, అతనికి ఎక్కడలేని సేవలూ చేస్తాడు. తీరా చూస్తే ఆ మనిషి చెంచాలు అమ్ముకునే వర్తకుడు. మోసపోయానన్న కోపంతో అతనికి తగిన శాస్తి చేస్తున్న క్షణంలోనే అసలు అధికారులు ముగ్గురూ గుమ్మంలో నిలబడి ఉంటారు. ఆడిట్ బృందం వస్తున్నదంటే గెస్టుహౌసులో దుప్పట్లు మారడం, గోడలకు సున్నం పడడం, ఏడాదిగా పనిచేయని కుళాయిలో నీళ్ళు రావడం మనకు కొత్త కాదు. హాలులో ఆ రోజు అందరికంటె బిగ్గరగా నవ్వినవారు మా గెస్టుహౌసు మేనేజరుగారు.

ఆ కేసెట్లలోనే 'డాడ్స్ ఆర్మీ' కూడా ఉంది. జిమ్మీ పెర్రీ, డేవిడ్ క్రాఫ్ట్ రాసిన ఈ ధారావాహిక 1968 నుంచి 1977 వరకు 80 భాగాలుగా ప్రసారమైంది. 1940లో జర్మన్ సేనలు దండెత్తవచ్చునన్న భయంతో ఇంగ్లండులో గృహరక్షక దళం ఏర్పడింది. సైన్యంలో చేరే వయసు దాటినవారు, ఇంకా ఆ వయసు రానివారు అందులో స్వచ్ఛందంగా చేరారు. పెర్రీ తానే చిన్నతనంలో ఆ దళంలో పనిచేశారు. కథలో ఊరి బ్యాంకు మేనేజరే దళనాయకుడు. బ్యాంకులో ఆయన కింది ఉద్యోగే సార్జెంటు. కసాయి దుకాణం నడిపే ముసలాయన కార్పొరల్. మేనేజరు మాటిమాటికీ తన హోదా గుర్తుచేస్తాడు, ఎవరూ పట్టించుకోరు. తుపాకులు పట్టడం చేతకాక వాళ్ళు పడే అవస్థలు చూసి పొట్టచెక్కలయ్యేలా నవ్వుతాము.

కానీ ఒక భాగంలో, ఆ దళంలోకెల్లా మెత్తనివాడైన గాడ్‌ఫ్రే మొదటి ప్రపంచయుద్ధంలో తుపాకి పట్టడానికి నిరాకరించాడని బయటపడుతుంది. తోటివారందరూ అతన్ని వెలివేసినట్టు చూస్తారు. అతడు గుండెల మీద తగిలించుకోకుండా దాచుకున్న పతకం సంగతి తరువాత గానీ వారికి తెలియదు. గుళ్ళు కురుస్తున్న యుద్ధభూమిలో క్షతగాత్రులను మోసుకు వచ్చినందుకు ఇచ్చిన పతకం అది. ఆ పాత్ర ధరించిన ఆర్నల్డ్ రిడ్లీ నిజజీవితంలోనూ ఆ యుద్ధంలో తీవ్రంగా గాయపడినవారే. మనం నవ్విన మనిషే మనకంటె పెద్దవాడని తెలిసే ఆ క్షణంలో మా హాలు నిశ్శబ్దమైపోయింది.

ఇవన్నీ చూశాక మాకు తోచిన మాట ఒకటి. ఈ రచయితలు నవ్వింది ఎవరిని చూసి? తమ ఊరి హోటలువాడిని, తమ బ్యాంకు మేనేజరును, అంటే తమను తామే చూసి. మన మొక్కపాటి నరసింహశాస్త్రిగారి 'బారిస్టరు పార్వతీశం' కూడా ఇటువంటిదే గదా! ఇంగ్లండు బయలుదేరి అడుగడుగునా నవ్వులపాలైనవాడూ తెలుగువాడే, అతన్ని నవ్వులపాలు చేసినవారూ తెలుగువారే. అందుకే ఆ నవ్వు నేటికీ చేదెక్కలేదు.

ఇందుకు విరుద్ధమైన ఉదాహరణలూ అక్కడే ఉన్నాయి. 1977లో మొదలైన 'మైండ్ యువర్ లాంగ్వేజ్'లో ఇంగ్లీషు నేర్చుకోవడానికి వచ్చిన విదేశీయుల తప్పులే హాస్యం. అందులో మన దేశస్థులూ ఉన్నారు. దాని ఛాయల్లోనే 1993లో దూరదర్శన్‌లో 'జబాన్ సంభాల్‌కే' వచ్చింది. మేమూ విరగబడి నవ్వినవారమే. 1974 నుంచి 1981 వరకు వచ్చిన 'ఇట్ ఎయింట్ హాఫ్ హాట్ మమ్'లోనైతే భారతీయ సేవకుని పాత్రను ముఖానికి రంగు పూసుకున్న ఆంగ్లేయుడే ధరించారు. చాలా ఏళ్ళ తరువాత మా అబ్బాయి విదేశంలో ఉద్యోగానికి వెళ్ళి, తన ఉచ్చారణను తోటివారు అనుకరించి నవ్వుతున్నారని ఫోనులో చెప్పిన రాత్రి, మా పాత నవ్వులు గొంతుకు అడ్డుపడ్డాయి. 'ఫాల్టీ టవర్స్'లోని స్పెయిను దేశపు సర్వరు మాన్యుయెల్‌కూ ఇంగ్లీషు రాదు. అయితే అక్కడ చివరకు నవ్వులపాలయ్యేది ఓపికగా చెప్పడం చేతకాని యజమాని. ఆ పాత్ర ధరించిన ఆండ్రూ సాక్స్ నాజీల బారి నుంచి తప్పించుకుని 1938లో కుటుంబంతో బెర్లిన్ నుంచి లండను చేరిన బాలుడు. పరాయి భాష మధ్య నిలబడడం ఎలా ఉంటుందో ఆయనకు ఒకరు చెప్పనవసరం లేదు.

ఇక అసలు సంగతికి వస్తాము. ఆ ఇంజనీరుగారి కేసెట్లలో చివరిది 'ఎస్ మినిస్టర్'. ఆంటొనీ జే, జొనాథన్ లిన్ రాసిన ఈ ధారావాహిక 1980లో మొదలైంది. మంత్రి జిమ్ హ్యాకర్‌గా పాల్ ఎడింగ్టన్, శాఖాకార్యదర్శి సర్ హంఫ్రీగా నైజెల్ హాథోర్న్, ఇద్దరి మధ్య నలిగే ఆంతరంగిక కార్యదర్శి బెర్నార్డ్‌గా డెరెక్ ఫౌల్డ్స్ నటించారు. మంత్రిగారిది ఏ పార్టీయో కథలో ఎక్కడా చెప్పరు. ఎవరు వచ్చినా ఫైలు కదిలే తీరు అదే గనుక చెప్పవలసిన అవసరం రాలేదు. 2001లో ఇదే 'జీ మంత్రీజీ' పేరుతో హిందీలోకి వచ్చినప్పుడు, ఫారూఖ్ షేఖ్ మంత్రిగా నటించగా, పరాయి కథ అన్న భావన మనకు కలగనేలేదు.

మేము ఆ రోజు చూసినది 1981లో ప్రసారమైన భాగం. ఒక కొత్త ఆసుపత్రి. అయిదువందల మంది కార్యాలయ, తదితర సిబ్బంది నిరంతరం పనిలో మునిగి ఉంటారు. ఒక్క డాక్టరు లేడు, ఒక్క నర్సు లేదు, ఒక్క రోగి లేడు. మంత్రి నిర్ఘాంతపోతే, అది ఎంతో సమర్థంగా నడుస్తున్న ఆసుపత్రి అని అధికారులు నిబ్బరంగా సమర్థించుకుంటారు. రోగులు లేకపోవడం వారికి లోపంగా కనిపించదు. హాలంతా ఘొల్లుమంది. అందరిలోకీ ఎక్కువ నవ్వినది మేమే.

క్లబ్బు నుంచి క్వార్టరుకు నడిచి వస్తుండగా మా శ్రీమతి అడిగింది: "మీ ఆఫీసు వరండాలో బెంచీ మీద కూర్చుంటుందే, ఆవిడ పని అయిందా అండీ?"

మేము అప్పట్లో ఎస్టాబ్లిష్‌మెంట్ విభాగంలో ఉండేవారము. నోట్ రాయడంలో మాకు మంచి పేరు. ఆ బెంచీ మీది మనిషి, ఉద్యోగంలో ఉండగా మరణించిన ఒక కార్మికుని భార్య. భర్త సర్వీసు పుస్తకంలో ఆమెకు పుట్టింటివారు పెట్టిన పేరు ఉంది. మిగిలిన కాగితాల్లో అత్తవారింట పిలిచే పేరు ఉంది. అందుచేత ఆమెకు రావలసిన బకాయిలు ఆగిపోయాయి. పధ్నాలుగు నెలల్లో ఆ ఫైలు మా బల్ల మీదికి మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ మేము, "పేర్ల వ్యత్యాసంపై తగిన వివరణ కోరవచ్చును" అన్న అర్థం వచ్చే నోట్ రాసి పంపాము. నియమాల ప్రకారం అందులో తప్పు లేదు. భాష ప్రకారం అందులో దోషం లేదు.

శ్రీమతికి మేము సమాధానం చెప్పలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

సోమవారం ఉదయం ఫైలు తెప్పించి మొదటి పేజీ నుంచి చదివాము. పదకొండవ పేజీలో మండల రెవెన్యూ అధికారి ఇచ్చిన ధ్రువపత్రం ఉంది. ఆ రెండు పేర్లూ ఒకే వ్యక్తివని అందులో స్పష్టంగా రాసి ఉంది. మా రెండవ నోట్‌కు ముందే ఆమె దానిని తెచ్చి ఇచ్చింది. ఎవరో దారంతో కుట్టి పెట్టారు. మేము చదవలేదు. మా దగ్గరే ఉన్న కాగితాన్ని తెమ్మని ఆమెను రెండుసార్లు తిప్పాము.

నాలుగు వాక్యాల నోట్ రాశాము. అందులో ఒక వాక్యం మా పొరపాటును గురించినది. ఆ వాక్యం రాయడానికి పట్టినంత సేపు మిగిలిన మూడింటికీ పట్టలేదు. మా పైఅధికారి దానిని చదివి, మా ముఖం వంక ఒకసారి చూసి, ఏమీ అనకుండా సంతకం పెట్టారు. తొమ్మిది రోజుల్లో ఉత్తర్వు వెలువడింది.

చెక్కు తీసుకోవడానికి ఆమె వచ్చిన రోజున, వెంట ఒక కుర్రవాడు ఉన్నాడు. ఏ తరగతి చదువుతున్నావు బాబూ అని అడిగాము. తొమ్మిదో తరగతి మధ్యలో మానేసి సైకిలు షాపులో చేరానన్నాడు. వచ్చే జూనులో మళ్ళీ బడిలో వేస్తానంది తల్లి. నిర్దోషమైన మా వాక్యాల ఖరీదు ఆ పిల్లవాని ఒక విద్యా సంవత్సరం. క్షమించమని అడగాలనుకున్నాము. ఈలోగా ఆమె రిజిస్టరులో సంతకం చేసి, చెక్కును కొంగులో ముడివేసుకోబోతూ ఆగి, భయంభయంగా అడిగింది: "ఇంకా ఏమన్నా కాగితాలు తేవాలా బాబుగారూ?"

మేము పదవీవిరమణ చేసి చాలా కాలమైంది. ఫైళ్ళు ఇప్పుడు కంప్యూటరు తెరల మీద కదులుతున్నాయి. దారంతో కుట్టే పని లేదు. ఈ మధ్య మా మనుమడు తన ఫోనులో ఆ రోగులు లేని ఆసుపత్రి కథ పెట్టుకుని నవ్వుతున్నాడు. వాడు పుట్టడానికి ఎన్నో ఏళ్ళ ముందు, ఎక్కడో లండనులో తీసిన కథ అది. పక్కన కూర్చుని మేమూ నవ్వాము. మా శ్రీమతి కూడా వంటింట్లోంచి వచ్చి కూర్చుంది. ఆసుపత్రి వార్డులో ఖాళీ మంచాలు వరుసగా కనిపించినప్పుడు, ఆవిడ మా వంక చూసి ఏదో అనబోయి ఊరుకుంది. బెంచీ మాట ఇద్దరికీ జ్ఞాపకం వచ్చిందని మాకు తెలుసు.