కువైట్ నడిబొడ్డున నేపాలీ సంగటి

కువైట్‌లో పనిచేసే మా చిత్తూరు పడమటి మండలాలవాళ్లకు శుక్రవారమంటే మాలియా. జహ్రా, సాల్మియా, ఫాహీల్ వైపుల నుంచి బస్సెక్కి నగరం నడిబొడ్డున దిగితే, ఆ నాలుగైదు వీధుల్లో రాయలసీమ సంత కనిపిస్తుంది. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, హౌస్ డ్రైవర్లు, కంపెనీవాళ్లు అందరూ ఇంటికి డబ్బు పంపేది ఆ రోజే, కార్గో వేసేది ఆ రోజే, ఊరివాళ్ల ముఖం చూసేదీ ఆ రోజే. రాయచోటి, మదనపల్లె, పీలేరు, రాజంపేట మాటలు పక్కపక్కనే వినిపిస్తాయి. ఆకలైతే తెలుగు హోటళ్లకు కొదవ లేదు. బిర్యానీ ఎప్పుడంటే అప్పుడు దొరుకుతుంది, పప్పూ సాంబారుతో భోజనమూ దొరుకుతుంది. సంగటి కావాలంటే మాత్రం ముందురోజు ఫోను చేసి చెప్పుకోవాలి, పదిమందికి తక్కువైతే చెయ్యరు. నేను వెళ్లే చోట్ల అదే పద్ధతి.

ఆ సంగటి నాకు అడగకుండానే దొరికిన చోటు ఒక నేపాలీ హోటలు.

నేను మదనపల్లెవాణ్ణి. శుక్రవారాల్లో నాతో ఉండేది పుంగనూరు అన్న ఒకాయన, కుప్పం తమ్ముడు ఒకడు. మమ్మల్ని ఆ హోటలుకు లాక్కుపోయింది కుప్పం తమ్ముడే. కుప్పం పిల్లలకు బెంగళూరు పొరుగిల్లే కదా, పొద్దున రైలెక్కి పనికి పోయి రాత్రికి ఇల్లు చేరేవాళ్లు ఎందరో. ఇతనూ కొన్నాళ్లు అలా తిరిగినవాడే. అక్కడ రోడ్డు పక్క బండ్ల మీద మోమోలు తిని రుచి మరిగాడు. ఆ నేపాలీ హోటలుకు మెట్లెక్కి పోతే ఒక చిన్న హాలు. గోడ మీద ఎవరెస్టు ఫోటో, కిటికీకి అడ్డంగా రంగురంగుల ప్రార్థన జెండాలు, టీవీలో నేపాలీ పాటలు. వడ్డించేవాళ్లు మమ్మల్ని 'దాయి' అని పిలుస్తారు, అంటే అన్నా అని. వంట చూసుకునే ఆమెను మేం 'దీదీ' అంటాం. మాటంతా వచ్చీరాని హిందీలోనే.

మొదట మోమోలు వచ్చాయి. లాసాతో వ్యాపారం చేసిన నేవారులు ఈ వంటను టిబెట్ నుంచి ఖాట్మండూకు తెచ్చారని చెప్తారు. ఇక్కడ కోడిమాంసం కూరి ఆవిరి మీద ఉడికిస్తారు. కానీ నన్ను కట్టిపడేసింది మోమో కాదు, పక్కనున్న గిన్నెలోని టమోటా అచారు. టమోటాలను నిప్పు మీద తొక్క నల్లబడేదాకా కాల్చి, వేయించిన నువ్వులు, వెల్లుల్లి, మిరపకాయ, కొత్తిమీర కలిపి నూరుతారు. చివర టిమూర్ అనే కొండ మిరియం వేస్తారు. నాలుక మీద పడగానే చిమచిమలాడి, ఆ తర్వాతే పులుపు తెలుస్తుంది. టమోటా మండీ ఊళ్లో పుట్టినవాణ్ణి, టమోటాను తేలిగ్గా తినలేను. 2023 జూలైలో మదనపల్లె మండీలో కిలో 150 రూపాయలు దాటినప్పుడు దేశమంతా మా ఊరి పేరు పలికింది. సెప్టెంబరుకల్లా అదే పంట కోతకూలి కూడా రాని ధరకు పడిపోయింది. పంటను రోడ్డు పక్కన పారబోసిన రైతుల్లో మా బంధువులూ ఉన్నారు. ఇంత మంచి పచ్చడి ఒకటి ప్రపంచమంతా మోమో బండ్ల మీద అమ్ముడుపోతుంటే, టమోటాలు పండించే మా ఊళ్లో దాన్ని సీసాల్లోకి ఎక్కించేవాళ్లు ఇంకా గట్టిగా పూనుకోవాలని నాకు గట్టి కోరిక.

ఆ తర్వాత కుప్పం తమ్ముడు ఒక ఇత్తడి పళ్లెం తెప్పించాడు. నడిమధ్య నల్లగా నున్నగా ఒక ముద్ద, దాని తలన గుంత చేసి పోసిన నెయ్యి. చుట్టూ చిన్న చిన్న గిన్నెల్లో పప్పు, ఆకుకూర, ముల్లంగి అచారు, ఎండబెట్టిన మాంసంతో చేసిన సుకుటి, గుండ్రుక్ చారు. పుంగనూరు అన్న ముద్ద అంచు తుంచి, వేళ్ల మధ్య ఉండచేసి, చారులో ముంచి, నమలకుండా మింగేశాడు. నేర్పనక్కర్లేకుండా అది ఎలా తినాలో ఆయన చేతికి తెలుసు.

"ఇది మన సంగటే గదా సామీ!" అన్నాడు.

"బియ్యం లేదు గదన్నా దీంట్లో," అన్నాడు కుప్పం తమ్ముడు.

నిజమే, ఆ ముద్దను నేపాలీలు ధిండో అంటారు, దాంట్లో బియ్యపు నూక ఉండదు. మరిగే నీళ్లలో రాగిపిండో మొక్కజొన్నపిండో పోస్తూ, చెక్క గరిటెతో బలం కొద్దీ కెలుకుతారు. మా అమ్మ రెండు కాళ్ల మధ్య సట్టిని అదిమిపట్టి తెడ్డుతో కెలికేది, దీదీ పొయ్యి మీదే కెలుకుతుంది, అంతే తేడా. గుండ్రుక్ మాత్రం మా దగ్గర లేనిది. ఆవాకు, ముల్లంగి ఆకు వాడబెట్టి, కుండలో అదిమి పులియబెట్టి, ఎండలో ఎండబెడతారు. ఏ కూరా దొరకని చలికాలానికి అదే దిక్కు. సుకుటి చూడగానే మాకు ఉప్పుకండ గుర్తొచ్చింది. మా ఇళ్లలో జాతర తర్వాత తీగల మీద ఆరవేసేది అదేగా.

ఈ పోలిక కాకతాళీయం అని నేననుకోను. ఖాట్మండూ లోయ సముద్రమట్టానికి దాదాపు 1,400 మీటర్ల ఎత్తున ఉంది. మా హార్స్‌లీ కొండ 1,260 మీటర్ల పైచిలుకు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం కూడా తక్కువవి కావు, తిరుపతి నుంచి ఘాట్లు ఎక్కి రావలసిన మెట్ట. నీళ్లు తక్కువ, నేల పలచన, వరి అందరికీ అందేది కాదు. అలాంటి చోట నిలబడే పంట రాగి. దాని పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా ఎత్తు నేలలు. వేల ఏళ్ల కిందట అక్కణ్ణుంచి మన దేశానికి చేరి, దక్కను మెట్టల్లోనూ హిమాలయాల మెట్ల పొలాల్లోనూ వేళ్లూనింది. అందుకే పడమటి మండలాల రైతూ, నేపాలు కొండల రైతూ ఒకరినొకరు ఎరగకుండానే ఒకే ముద్ద తిన్నారు. దీదీ వాడే పిండి కూడా ఇండియా నుంచి వచ్చిన ప్యాకెట్టే.

ఈ పళ్లెం పద్ధతి థకాలీలది. ముస్తాంగ్ దిగువన కాళీ గండకీ లోయలో ఉండే ఈ జనం, టిబెట్ ఉప్పు కిందికీ కింది ధాన్యం పైకీ పోయే దారిలో వ్యాపారం చేసేవాళ్లు. ఆ దారినపోయే బిడారులకు అన్నం పెట్టి, పడుకోను చోటిచ్చే సత్రాలు నడిపింది ఎక్కువగా వాళ్ల ఆడవాళ్లే. మన పూటకూళ్లమ్మ అక్కడా ఉందన్నమాట. కడుపు నిండేదాకా పప్పూ అన్నం మళ్లీ మళ్లీ వడ్డించడం ఆ సత్రాల అలవాటే. మాలియాలో కూడా రెండోసారికి డబ్బు అడగరు. ఎడారిలో పనిచేసి వచ్చిన మనిషికి ఆ వడ్డన విలువ తెలుస్తుంది.

నేపాలు స్థూలదేశీయోత్పత్తిలో దాదాపు నాలుగో వంతు, బయటి దేశాల నుంచి కొడుకులూ కూతుళ్లూ పంపే డబ్బే. మగవాళ్లు గల్ఫుకూ మలేషియాకూ వచ్చేస్తే, మొక్కజొన్న మధ్య రాగినారు నాటేందుకు మనుషులు దొరక్క కొండల మీద చేలు బీడు పడుతున్నాయని దీదీ చెప్పింది. మా వైపు రాగిచేలు టమోటాకూ చెనిక్కాయకూ పోయాయి, వాటి అప్పులు తీర్చను మనుషులు కువైట్ వచ్చారు. రాగి పండించిన ఇళ్లవాళ్లం రెండు వైపుల నుంచీ వచ్చి, కొన్న పిండితో చేసిన ముద్దను ఒకే బల్ల మీద తింటున్నాం. ఆ మాట అనుకున్నప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

మా ఊళ్లలో నేపాలీ అంటే గూర్ఖా ఒక్కడే. రాత్రి రెండింటికి కర్ర నేలకు తాటించి ఈల వేసుకుంటూ పోయేవాడు. నెల మొదట్లో ఇంటింటికీ వచ్చి సెల్యూట్ చేసి, ఇచ్చినంత తీసుకుపోయేవాడు. ఆయనకు ఊరుందని, ఆ ఊళ్లో ఇలాంటి వంట ఉందని మా వీధిలో ఎవరూ ఆలోచించలేదు. ఇప్పుడు దీదీ హోటల్లో కూర్చున్న కుర్రాళ్లను చూస్తే, ఆయన పేరు తెలుసుకుని ఉంటే బాగుండేదనిపిస్తుంది.

నేను మా వాళ్లతో గట్టిగా వాదించేది ఒకటుంది. ధిండోను ఒకప్పుడు నేపాల్లో కూడా పేదల తిండి అని చిన్నచూపు చూశారు. వాళ్లే దాన్ని ఇత్తడి పళ్లెం నడుమ పెట్టి, నెయ్యి పోసి, మెనూలో మొదటి పేజీకి ఎక్కించారు. మన సంగటిని మనం ముందురోజు ఫోను చేస్తేనే వండే సరుకు చేశాం. ఇంటికి చుట్టాలొస్తే సంగటి దాచి అన్నం పెట్టే అలవాటు నా చిన్నప్పుడు మా వీధిలోనూ ఉండేది. అదే అలవాటు సముద్రం దాటి హోటళ్లలోకి వచ్చింది. మూడు రాష్ట్రాలు కలిసే కుప్పంలో కన్నడిగుల ముద్దా తమిళుల కళీ మన సంగటీ ఒకే సంతలో పుట్టినవే, దానికి సిగ్గుపడాల్సింది ఏముంది? రోజూ వండి పెడితే తినేవాళ్లు ఈ మాలియాలోనే వేలమంది ఉన్నారు.

పోయిన శుక్రవారం పుంగనూరు అన్న తన గదిలో చేసిన ఊరిబిండి చిన్న డబ్బాలో తెచ్చి దీదీ ముందు పెట్టాడు. ఆమె ధిండోకు అద్దుకుని తిని, ఇంకోసారి అద్దుకుంది, ఎలా చేస్తారని అడిగింది. అన్న వేళ్లు మడిచి చెప్పాడు: చెనిక్కాయలు దోరగా వేయించి పొట్టు తియ్యాలి, ఎండుమిరపకాయలు, తెల్లగడ్డలు, చింతపండు, ఉప్పు వేసి రోట్లో దంచాలి, చివర్న పచ్చి ఎర్రగడ్డ ముక్కలు కలపాలి. మిక్సీలో వేస్తానంది దీదీ. వెయ్యి, కానీ మెత్తగా తిప్పొద్దు, పలుకుంటేనే ముద్దకు పట్టేది అన్నాడు. వచ్చేవారం మెనూలో పెడతానని, పేరు ఎలా రాయాలో కుప్పం తమ్ముడి చేత కాగితం మీద హిందీ అక్షరాల్లో రాయించుకుంది.