ఖరగ్‌పూర్ చెరువు గట్టున

రైల్వే ఉద్యోగాల కోసం బెంగాలులోని ఖరగ్‌పూర్ వెళ్ళి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మా చిన్న తాతయ్యగారిది అలాంటి కుటుంబమే. కిందటేడు తొలకరి రోజులలో మేము పిల్లలతో కలిసి వారింటికి వెళ్ళాము.

ఊరి శివారున చిన్న చెరువుంది. గట్టు ప్రక్క నాచు మీద తెల్లని నురుగు కనిపిస్తే, ఎవరో బట్టలుతికిన సబ్బు నురుగు అనుకున్నాము. దాని క్రింద ఎరుపు, నీలం చారలతో మూడంగుళాల చేప ఒకటి అటూ ఇటూ తిరుగుతోంది.

"దీన్ని ఇక్కడ ఖొలిషా అంటారు. ఆ నురుగు దాని గూడే" అన్నారు తాతయ్య.

పట్టణాలలో అద్దాల తొట్లలో పెంచే గౌరామి చేపలలో ఇదొకటి. పేరు డ్వార్ఫ్ గౌరామి. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ అనే వైద్యుడు గంగానది చేపలపై ప్రచురించిన గ్రంథంలో దీనిని వర్ణించాడు. మగచేప నోటితో గాలి బుడగలు ఊది, నాచు ముక్కలు చేర్చి గూడు కడుతుంది. ఆడది గ్రుడ్లు పెట్టి వెళ్ళిపోతే కాపలా తండ్రిదే. జారిన గ్రుడ్డును నోట కరచి మళ్ళీ గూటిలో ఉంచుతుంది. ఒకటి రెండు రోజులలో పిల్లలు బయటికి వస్తాయి.

మేము ఈ మాటలలో ఉండగానే మా చిన్నవాడు ఆ చేపను సీసాలో పట్టేశాడు. అది సుఖంగా ఉండాలని మేమే అంచు దాకా నీళ్ళు నింపి, మూత బిగించాము. కాసేపటికి చేప మూతిని మూతకు కొట్టుకోసాగింది.

"మూత తియ్యండి, దానికి ఊపిరాడదు!" అని తాతయ్య కేకవేశారు.

"నీళ్ళు నిండా ఉన్నాయిగా తాతయ్యా!" అన్నాడు వాడు.

ఈ జాతి చేపలకు మొప్పల పైన మడతలు మడతలుగా ఒక ప్రత్యేక అవయవం ఉంటుంది. నీటిపైకి వచ్చి మ్రింగిన గాలిని అది రక్తంలోకి చేరుస్తుంది. మన కొర్రమీను కూడా ఇలా పైకి వచ్చి గాలి తీసుకునేదే. ఆ గాలి అందకపోతే గౌరామి నీళ్ళలోనే ఊపిరాడక చస్తుంది.

వెంటనే దానిని చెరువులో వదిలాము. అప్పటికే రెండు చిన్న చేపలు గూడు దగ్గర మూగాయి. కొంతసేపు నాచు చాటున కదలకుండా ఉండి, తరువాత అది వచ్చి వాటిని తరిమింది. అప్పటికి గాని మా మనస్సు కుదుటపడలేదు.

ఇంట తొట్టిలో వీటిని పెంచేవారు నీటికీ మూతకూ మధ్య ఖాళీ తప్పక ఉంచాలి. చిన్న తొట్టిలో రెండు మగచేపలను ఉంచరాదు, పోట్లాడుకుంటాయి. ఆనాడు సీసా నింపినప్పుడు మేము మేలు చేస్తున్నామనే అనుకున్నాము. ఎవరికి ఏది అవసరమో తెలుసుకోకుండా చేసే మేలు ప్రాణం మీదికి తెస్తుందని మాకు ఆ చెరువు గట్టునే తెలిసింది.