ఎండలో కుల్లాయి

మా కరీంనగర్ ఎండల సంగతి కొత్తగా చెప్పాలా? మే నెలలో 45 డిగ్రీలు దాటినా ఆశ్చర్యపోం. అలాంటి మిట్టమధ్యాహ్నం, మా అమ్మాయి మూడు నెలల పాపకు మా అమ్మ ఉన్ని కుల్లాయి తొడిగింది! పాప ఒకటే ఏడుపు. మెడ వెనక చెయ్యి పెట్టి చూద్దును కదా, వేడి, చెమట, పైగా చెమటకాయలు. కుల్లాయి తీసేసి, తడిబట్టతో ఒళ్ళు తుడిచి, పల్చటి నూలు చొక్కా వేశాను.

"గిన్ని నీళ్ళన్న తాగియ్యి బిడ్డా," అంది అమ్మ.

"ఆరు నెలల దాకా తల్లిపాలేనమ్మా. ఎండల్లో ఇంకా ఎక్కువసార్లు పడితే చాలు."

అమ్మ మాట్లాడలేదు. తన తొలిచూలు బిడ్డ ఆదిలాబాద్ చలిలోనే పోయాడని అప్పుడు గుర్తొచ్చింది నాకు. పాప నిద్రపోయాక కుల్లాయి మడిచి ఆమె చేతిలో పెట్టాను.

"పుష్యమాసంలో నువ్వే తొడుగుదువుగానిలే."